మాదాపూర్ నుంచి చేవెళ్ల దాకా: సైబరాబాద్ సంస్కరణల చరిత్ర

హైదరాబాద్ పడమటి అంచున మాదాపూర్ బండల మధ్య సైబర్ టవర్స్ లేవడానికి ముందు, దాదాపు మూడు దశాబ్దాల పాటు నగర పారిశ్రామిక జీవితాన్ని నడిపినవి ప్రభుత్వ రంగ కర్మాగారాలు. సోవియట్ యూనియన్ సాంకేతిక సహాయంతో బాలానగర్‌లో వెలసిన ఐడీపీఎల్ మందుల ఫ్యాక్టరీ, చెకోస్లొవేకియా సహకారంతో రామచంద్రాపురంలో మొదలై తర్వాత బీహెచ్‌ఈఎల్‌లో భాగమైన భారీ విద్యుత్ యంత్రాల కర్మాగారం, 1967లో అణుశక్తి శాఖ కింద ఏర్పడిన ఈసీఐఎల్, వాటితోపాటు హెచ్‌ఎంటీ, ప్రాగా టూల్స్, నిజాం కాలంలోనే 1942లో ఆరంభమైన ఆల్విన్ కలిసి ఒక తరానికి పర్మనెంటు ఉద్యోగాన్ని, క్వార్టర్సును, కంపెనీ బస్సును, ఆసుపత్రిని, పిల్లలకు బడిని ఇచ్చాయి. తూర్పు ఐరోపా సోషలిస్టు దేశాల ప్రణాళికా పద్ధతి తెలుగు నేల మీద ఇంత దగ్గరగా కనిపించిన చోటు మరొకటి అరుదు; సైబర్ టవర్స్ నుంచి బాలానగర్ గానీ రామచంద్రాపురం గానీ పదిహేను కిలోమీటర్లకు మించి ఉండవు.

1990ల ఆరంభానికి ఈ ఏర్పాటు బీటలు వారింది. ఐడీపీఎల్‌ను 1992లో ఖాయిలా పరిశ్రమగా, అంటే పేరుకుపోయిన నష్టాలతో సొంత మూలధనం హరించుకుపోయిన సంస్థగా ప్రకటించారు. ఫ్రిజ్‌లకు, బస్సు బాడీలకు, గడియారాలకు పేరుపడ్డ ఆల్విన్ ముక్కలై, ఫ్రిజ్‌ల విభాగం వోల్టాస్ చేతికి పోయింది. అయితే ఈ సంస్థలు మిగిల్చిన ఆస్తి యంత్రాలకూ స్థలాలకూ పరిమితం కాదు. ఐడీపీఎల్‌లో పనిచేసి బయటికి వచ్చిన అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్‌ను స్థాపించారు. ఆయనలాగే అక్కడ రసాయన ప్రక్రియలు నేర్చినవారు నగరం చుట్టూ మందుల పరిశ్రమను విస్తరించారు. 1969లోనే టీడీసీ–12 అనే దేశీయ కంప్యూటర్‌ను తయారుచేసిన ఈసీఐఎల్, కంప్యూటర్ తెలిసిన ఇంజనీర్లను హైదరాబాద్‌కు ముందుగానే సమకూర్చింది. సైబరాబాద్ శూన్యంలో నుంచి పుట్టిందన్న ప్రచారం ఈ చరిత్రను చిన్నబుచ్చుతుంది.

ఆంధ్రప్రదేశ్ ఎన్నడూ కమ్యూనిస్టు రాజ్యం కాలేదు. తెలంగాణ సాయుధ పోరాటం (1946–51) తర్వాత 1952లో హైదరాబాద్ రాష్ట్రంలో పీపుల్స్ డెమోక్రాటిక్ ఫ్రంట్ (పీడీఎఫ్) పేరుతో బలంగా గెలిచిన కమ్యూనిస్టులు, 1955 ఆంధ్ర ఎన్నికల్లో దెబ్బతిన్నాక అధికారం అంచుకు మళ్లీ చేరలేదు. అయినా ధరను, ఉద్యోగాన్ని, విద్యుత్తును ప్రభుత్వమే నిర్ణయించి ప్రజలకు అందించాలన్న భావన ఇక్కడి రాజకీయాల్లో పార్టీలకు అతీతంగా పాతుకుపోయింది. 1983లో అధికారంలోకి వచ్చిన ఎన్.టి. రామారావు కిలో రెండు రూపాయల బియ్యంతోనూ, వ్యవసాయ మోటారుకు హార్స్‌పవర్‌కు ఏడాదికి 50 రూపాయల శ్లాబు రేటుతోనూ ఆ భావనకు కొత్త రూపమిచ్చారు. శ్లాబు రేటు అంటే వాడిన యూనిట్లతో నిమిత్తం లేకుండా మోటారు సామర్థ్యాన్ని బట్టి వసూలు చేసే చార్జీ. దానితో పంపుసెట్లకు మీటర్ల అవసరమే లేకుండాపోయింది. తర్వాతి ఇరవై ఏళ్ల రాజకీయం ఈ ఒక్క నిర్ణయం చుట్టూ తిరిగింది.

1995 సెప్టెంబరు 1న ముఖ్యమంత్రి అయిన నారా చంద్రబాబు నాయుడు ఈ వారసత్వాన్ని సంస్కరించడానికి పూనుకున్నారు. ఆయన పాలనను అర్థం చేసుకోవడానికి పదేళ్ల ముందు మాస్కోలో మొదలైన ప్రయత్నం ఉపయోగపడుతుంది. 1985 మార్చిలో సోవియట్ కమ్యూనిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి అయిన మిఖాయిల్ గోర్బచెవ్, ఆర్థిక పునర్నిర్మాణానికి పెరిస్త్రోయికా అని, పాలనలో బహిరంగతకు గ్లాస్‌నోస్త్ అని పేర్లు పెట్టి, కుంగుతున్న వ్యవస్థను లోపలి నుంచే నిలబెట్టాలని చూశారు. అణ్వాయుధాలున్న మహారాజ్యానికీ, కేంద్రం అనుమతి లేనిదే అప్పు తీసుకోలేని ఒక భారత రాష్ట్రానికీ పోలిక కొంతవరకే చెల్లుతుంది. కానీ ఇద్దరు నాయకులూ ఎదుర్కొన్న ప్రశ్న ఒకటే: చౌకగా దొరుకుతున్నదాని అసలు ధరను ప్రజల ముందు ఎప్పుడు, ఏ క్రమంలో పెట్టాలి, దానిని ముందుగా ఎవరు చెల్లించాలి? ఇద్దరూ తడబడింది అక్కడే.

మద్యం విషయంలో ఈ రెండు చరిత్రలు ఆశ్చర్యం కలిగించేంత దగ్గరగా నడిచాయి. గోర్బచెవ్ తొలి పెద్ద చర్య 1985 మేలో ప్రకటించిన మద్యవ్యతిరేక ఉద్యమం. ద్రాక్షతోటలు నరికేశారు, దుకాణాల ముందు బారులు పెరిగాయి, ఇళ్లలో సారా కాచేవారి ధాటికి అంగళ్లలో చక్కెర కరువైంది, ఖజానాకు పెద్ద గండి పడింది. ఆంధ్రప్రదేశ్‌లో మద్యనిషేధం పాలకుల ఆలోచనగా మొదలుకాలేదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతులకు వెళ్లిన స్త్రీలు రాజేసిన సారా వ్యతిరేక పోరాటం 1992లో రాష్ట్రమంతా పాకింది. 1993లో సారా అమ్మకం ఆగింది. 1995 జనవరిలో ఎన్.టి.ఆర్. ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం అమలుచేసింది. అదే సమయంలో రెండు రూపాయల బియ్యం కూడా తిరిగి రావడంతో, ఆబ్కారీ ఆదాయం పోయి సబ్సిడీ భారం పెరిగిన ఖజానా చంద్రబాబు చేతికి వచ్చింది. ఆయన 1996లో రాష్ట్ర ఆర్థిక స్థితిపై శ్వేతపత్రాలు విడుదల చేసి చర్చకు పెట్టారు; బియ్యం ధరను కిలోకు మూడున్నర రూపాయలు చేశారు; 1997లో మద్యనిషేధాన్ని ఎత్తివేశారు. ఆదాయం తిరిగి వచ్చింది గానీ, సొంత పోరాటంతో ఒక చట్టాన్ని సాధించుకున్న పల్లె స్త్రీలకు ఆ చట్టం సచివాలయంలోని లెక్కల వల్ల పోయింది. ఈ నష్టాన్ని ఏ శ్వేతపత్రమూ నమోదు చేయలేదు. తర్వాతి కాలంలో డ్వాక్రా పొదుపు సంఘాలనూ, 1999లో దీపం పథకం కింద వంటగ్యాస్ కనెక్షన్లనూ ప్రోత్సహించి ప్రభుత్వం ఆ స్త్రీలను మళ్లీ దగ్గర చేసుకోవడానికి గట్టిగానే ప్రయత్నించింది. 1999 గెలుపులో ఆ ప్రయత్నానికి వాటా ఉంది.

ప్రపంచ బ్యాంకు ఈ దశలోనే ప్రవేశించింది. దేశాలకు అప్పులిచ్చే ఆ సంస్థ ఒక భారత రాష్ట్రాన్ని ప్రత్యేకంగా ఎంచుకుని, 1997లో ఆంధ్రప్రదేశ్ ఆర్థిక సంస్కరణల మీద నివేదిక వెలువరించింది. 1998లో ఆర్థిక పునర్నిర్మాణ ప్రాజెక్టుకు సుమారు 54 కోట్ల డాలర్లు, 1999 ఫిబ్రవరిలో విద్యుత్ రంగానికి 100 కోట్ల డాలర్ల కార్యక్రమంలో తొలి విడతగా 21 కోట్ల డాలర్లు మంజూరయ్యాయి. విద్యుత్ బోర్డును విడదీయాలన్న సూచన బ్యాంకుతో మొదలైంది కాదు. హితేన్ భయ్యా కమిటీ 1995లోనే దానిని సిఫారసు చేసింది. 1998 నాటి విద్యుత్ సంస్కరణల చట్టంతో 1999 ఫిబ్రవరి 1న బోర్డు రద్దయి, ఉత్పత్తికి జెన్‌కో, సరఫరాకు ట్రాన్స్‌కో ఏర్పడ్డాయి. చార్జీలను నిర్ణయించే అధికారం కొత్తగా వచ్చిన విద్యుత్ నియంత్రణ మండలికి వెళ్లింది. 2000లో పంపిణీ నాలుగు డిస్కంలకు చేరింది. 1999 జనవరిలో విడుదలైన విజన్–2020 పత్రాన్ని మెకిన్సే సంస్థ సాయంతో రూపొందించారు. వ్యవసాయం మీద ఆధారపడిన జనాన్ని డెబ్బై శాతం నుంచి నలభై శాతానికి తగ్గించడం ఆ పత్రం పెట్టుకున్న లక్ష్యాల్లో ఒకటి. అభివృద్ధి చెందిన ప్రతి సమాజంలోనూ జరిగిన మార్పే అది. అయితే అలా పొలం వదిలి వచ్చేవారిని ఏ పని, ఏ ఊళ్లో పిలుస్తున్నదో పత్రం స్పష్టంగా చూపలేకపోయింది. 2001లో మెదక్ జిల్లాలో ప్రజాతీర్పు పేరుతో చిన్న, సన్నకారు రైతులు న్యాయమూర్తుల స్థానంలో కూర్చుని ఈ పత్రాన్ని విచారించినప్పుడు అడిగింది కూడా అదే; వారిలో ఎక్కువమంది దళిత స్త్రీలు.

విజన్–2020కి కళ్ల ముందున్న రుజువు మాదాపూర్‌లో నిలబడింది. సాఫ్ట్‌వేర్ ఎగుమతుల కోసం కేంద్రం ఏర్పాటుచేసిన సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్కు అప్పటికే అమీర్‌పేట మైత్రీవనంలో పనిచేస్తోంది. మాదాపూర్‌లో పార్కు ఆలోచన నేదురుమల్లి జనార్దనరెడ్డి ముఖ్యమంత్రిగా ఉన్న 1990–92 కాలం నాటిదేనని కాంగ్రెస్ వారు చెబుతూ వచ్చారు. ఆలోచన ఎవరిదైనా, దానిని కట్టడంగా మార్చిన ఘనత చంద్రబాబు ప్రభుత్వానిదే. రాష్ట్ర పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థ ఏపీఐఐసీ స్థలమిచ్చి చిన్న వాటా ఉంచుకోగా, ఎల్ అండ్ టీ పెట్టుబడి పెట్టి కట్టిన సైబర్ టవర్స్‌ను 1998 నవంబరు 22న ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించారు. పది అంతస్తుల ఆ భవనం గుండ్రంగా, నాలుగు భాగాలుగా, నడుమ ఖాళీ ప్రాంగణంతో ఉంటుంది. అద్దెకు వచ్చే కంపెనీ కరెంటు కోసం, టెలిఫోన్ లైన్ కోసం, ఉపగ్రహ అనుసంధానం కోసం ఒక్కో కార్యాలయం చుట్టూ తిరగనక్కర్లేకుండా, గది తాళంతోపాటే అన్నీ అందించడం దాని అసలు కొత్తదనం. జనరేటర్లు సిద్ధంగా ఉండే ఆ భవనంలో కరెంటు పోయిన సంగతి లోపలివారికి తెలియదు. చుట్టూ ఉన్న శేరిలింగంపల్లి మండలపు పల్లెల్లో ఆ రోజుల్లో కోత వేళలు అందరికీ కంఠోపాఠం.

కట్టడం ఒక్కటే నగరాన్ని నిలబెట్టదన్న గ్రహింపు కూడా ప్రభుత్వానికి ఉండింది. 1997 మార్చిలో ఢిల్లీలో బిల్ గేట్స్‌ను కలిసి చంద్రబాబు చేసిన ప్రయత్నం ఫలించి, మైక్రోసాఫ్ట్ 1998లో తన భారతీయ అభివృద్ధి కేంద్రాన్ని హైదరాబాద్‌లో తెరిచింది. అదే ఏడాది గచ్చిబౌలిలో ట్రిపుల్ ఐటీ మొదలైంది. 2001 డిసెంబరులో ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ ప్రారంభమైంది. 1974లో వచ్చిన హైదరాబాద్ విశ్వవిద్యాలయం అప్పటికే పక్కనే ఉంది. 2000 మార్చిలో అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్, సైబర్ టవర్స్ ఉన్న ఈ హైటెక్ సిటీలోనే ప్రసంగించారు. 2001లో సుమారు 52 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని విడదీసి సైబరాబాద్ అభివృద్ధి సంస్థను ఏర్పాటుచేశారు. ఇక ఈ నగరానికి పనివారిని తయారుచేసిన అసలు బడి అమీర్‌పేటలో, ప్రభుత్వ ప్రణాళికలకు బయట ఎదిగింది. జిల్లాల నుంచి వచ్చిన డిగ్రీ కుర్రవాళ్లు హాస్టల్ గదుల్లో నలుగురైదుగురు సర్దుకుని, నెలల కోర్సులు చదివి, కొందరు మాదాపూర్‌కూ మరికొందరు అమెరికాకూ చేరారు. పల్లెకూ సైబరాబాద్‌కూ ఏదైనా వంతెన ఉందంటే అది ఆ కోచింగ్ సెంటర్ల మెట్లే. ఆ మెట్లు ఎక్కగలిగింది మాత్రం ఇంజనీరింగో డిగ్రీయో చదివించగల కుటుంబాల పిల్లలే.

సంస్కరణల కథలో చార్జీల తగాదాకు అసలు రంగం మాదాపూర్ కాదు, పంపుసెట్టు. 2000 నాటికి రాష్ట్రంలో ఇరవై లక్షలకు దగ్గరగా ఉన్న వ్యవసాయ మోటార్లలో అధికభాగం తెలంగాణ, రాయలసీమల్లోనివి. కృష్ణా, గోదావరి డెల్టా రైతుకు ప్రభుత్వం తవ్విన కాలువ ద్వారా నామమాత్రపు నీటితీరువాకు నీరు వస్తే, మెట్ట రైతు సొంత అప్పుతో బోరు వేసి, పడకపోతే మరొకటి వేసి, మోటారు దించి, ఆ పైన కరెంటు చార్జీ కట్టేవాడు. రోజుకు తొమ్మిది గంటలని చెప్పిన సరఫరా విడతలుగా, తరచు అర్ధరాత్రి దాటాక వచ్చేది. ఎప్పుడొస్తుందో తెలియని కరెంటు కోసం పొలం దగ్గర పడుకోలేక రైతులు స్టార్టరుకు ఆటోమేటిక్ పరికరం బిగించుకునేవారు. కరెంటు రాగానే ఊరి మోటార్లన్నీ ఒక్కసారి తిరిగి, ఓల్టేజీ పడిపోయి, కాయిల్ కాలిపోయేది. రీవైండింగ్ షాపులో మోటారు బాగుచేయించడానికి అయ్యే ఖర్చు కొన్నిసార్లు ఏడాది శ్లాబు చార్జీ కంటే ఎక్కువ. ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజు పోతే లైన్‌మన్ వచ్చేదాకా పంట ఆగదు కాబట్టి రైతే స్తంభమెక్కేవాడు. అలా ఎక్కి చనిపోయినవారు ఎందరో. చవక కరెంటు అని నగరం అనుకున్నదానికి పల్లె చెల్లిస్తున్న ఈ ధర ఏ టారిఫ్ పట్టికలోనూ కనిపించదు.

మీటర్లు లేని వ్యవస్థలో మరో చిక్కు దాగి ఉంది. వ్యవసాయం ఎంత విద్యుత్తు వాడిందో ఎవరూ కొలవరు కాబట్టి, బోర్డు తన లైన్లలో పోయిన విద్యుత్తును, పరిశ్రమల్లోనూ నగరాల్లోనూ దొంగిలింపుకు గురైనదానిని కూడా రైతు ఖాతాలో వేసి నష్టాల శాతాన్ని తక్కువ చేసి చూపగలిగింది. విడదీత తర్వాత లెక్కలు సరిచూసినప్పుడు నష్టాలు అంతకుముందు చెప్పినదానికంటే చాలా ఎక్కువని తేలింది. ఇది సంస్కరణల వల్ల కలిగిన నిజమైన మేలు. 2000 జూలైలో విద్యుత్ చౌర్యానికి కఠిన శిక్షలు విధించే చట్ట సవరణ కూడా దానికి కొనసాగింపే. అంటే రోగాన్ని గుర్తించారు. అయితే దొంగతనాన్ని అరికట్టి, సరఫరాను మెరుగుపరచి, కాలని మోటారును రైతుకు చూపించాక చార్జీ అడిగే అవకాశం ఉండగా, ఆ మెరుగుదల ఇంకా పొలానికి చేరకముందే చార్జీ వెళ్లింది.

క్రమం తప్పడం వల్ల వచ్చిన నష్టాన్ని సోవియట్ అనుభవం మరో రూపంలో చూపింది. 1988 నుంచి అమలైన రాజ్య సంస్థల చట్టం ఫ్యాక్టరీ మేనేజర్లకు జీతాలు పెంచే స్వేచ్ఛ ఇచ్చింది, కానీ సరుకుల ధరలు మునుపటిలాగే రాజ్యం చేతిలో ఉండిపోయాయి. చేతిలో డబ్బు పెరిగి, అంగడిలో సరుకు మాయమైంది. ధరలను సవరించే నిర్ణయాన్ని గోర్బచెవ్ ఏళ్ల తరబడి వాయిదా వేశారు. చివరికి 1991 ఏప్రిల్‌లో ధరలు పెంచేనాటికి ప్రజల ఓపిక, ఆయన పలుకుబడి రెండూ అడుగంటాయి. చంద్రబాబు ప్రభుత్వమూ చార్జీల పెంపును 1999 సెప్టెంబరు–అక్టోబరు ఎన్నికలు దాటేదాకా ప్రజల ముందు పెట్టలేదు. 294 స్థానాల్లో 180 గెలిచిన ఆ ఎన్నికలో ఓటరుకు కనిపించినవి దీపం కనెక్షన్లు, రైతుబజార్లు, హైటెక్ సిటీ. ఎనిమిది నెలలు తిరగక ముందే, 2000 మే నెలాఖరులో, నియంత్రణ మండలి ఉత్తర్వుతో ఇళ్లకూ పొలాలకూ బిల్లు పెరిగింది. తమకు చెప్పకుండా చేసిన పనిగానే జనం దానిని చూశారు. అలా చూడటం అన్యాయమని అనలేం.

వామపక్షాలు ఆ కోపానికి నాయకత్వం వహించాయి. 1994లో తెలుగుదేశంతో పొత్తు పెట్టుకుని సీపీఐ 19, సీపీఎం 15 స్థానాలు గెలిచాయి. ఢిల్లీలో యునైటెడ్ ఫ్రంట్ రోజుల దాకా ఆ స్నేహం నడిచింది. 1998లో చంద్రబాబు వాజ్‌పేయి ప్రభుత్వానికి మద్దతివ్వడంతో దారులు విడిపోయాయి. సోవియట్ పతనం తర్వాత సిద్ధాంతపరంగా చిన్నబోయి, సభ్యులతోపాటు సీట్లూ తగ్గిన కమ్యూనిస్టు పార్టీలకు విద్యుత్ చార్జీల పోరాటం వీధుల్లో తిరిగి బలాన్నిచ్చింది. కాంగ్రెస్ కూడా కలిసివచ్చింది. 2000 ఆగస్టు 28న చలో అసెంబ్లీకి తరలివచ్చిన వేలమందిని బషీర్‌బాగ్ కూడలి వద్ద ముళ్లకంచెలతో, నీటి ఫిరంగులతో, గుర్రపు దళాలతో అడ్డుకున్న పోలీసులు చివరికి కాల్పులు జరిపారు. ముగ్గురు ప్రాణాలు కోల్పోయారు, ఎందరో గాయపడ్డారు. సభ జరుగుతున్న చోటికి దగ్గరలోనే, కరెంటు బిల్లు గురించి మాట్లాడటానికి వచ్చిన మనుషులను కాల్చవలసిన అగత్యం ఏ సంస్కరణకూ ఉండదు. ఆ మరణాలకు సమర్థన లేదు. ప్రభుత్వం పెంపును కొంత సడలించింది గానీ, బషీర్‌బాగ్‌లో నిలిచిన స్మారకం దగ్గర ప్రతి ఆగస్టు 28న సభలు జరుగుతూనే వచ్చాయి. అదే ఏడాది, చార్జీల భారం తెలంగాణ బోరు రైతు మీదే పడుతోందని అసెంబ్లీ ఉపసభాపతి కె. చంద్రశేఖర్ రావు గొంతెత్తారు. 2001 ఏప్రిల్ 27న ఆయన స్థాపించిన తెలంగాణ రాష్ట్ర సమితి రాష్ట్ర భవిష్యత్తునే మార్చింది.

ఇన్ని హెచ్చరికలు సచివాలయానికి ఎందుకు అందలేదన్న ప్రశ్న మిగిలిన వాటికంటే ముఖ్యమైనది, ఎందుకంటే ఆ రోజుల్లో దేశంలో సమాచారం కోసం అంతగా తపించిన ముఖ్యమంత్రి మరొకరు లేరు. ప్రజల వద్దకు పాలన, 1997 జనవరిలో మొదలైన జన్మభూమి, కలెక్టర్లతో వీడియో సమావేశాలు, ఆకస్మిక తనిఖీలు, 1998లో రిజిస్ట్రేషన్ కార్యాలయాలను కంప్యూటరీకరించిన కార్డ్ పథకం, 2001లో బిల్లులన్నీ ఒకే కౌంటరులో తీసుకున్న ఈ–సేవ, ఇవన్నీ పనిచేశాయి, సామాన్యుడి సమయాన్ని ఆదా చేశాయి. లోపం మరోచోట ఉంది. జన్మభూమిలో ఊరికి వచ్చిన నోడల్ అధికారి అర్జీలు తీసుకుని, మంజూరైన సిమెంటు రోడ్డును, బడి గదిని నమోదు చేసుకుని వెళ్లేవాడు. అదే ఊళ్లో ఎన్నికైన సర్పంచ్ నిధులు లేక పక్కన నిలబడేవాడు. 2000లో జరగవలసిన పంచాయతీ ఎన్నికలు 2001 దాకా జరగలేదు. అర్జీ పెట్టుకోవడానికి వచ్చినవాడు ప్రభుత్వాన్ని నిలదీయడు. నిలదీసే హక్కున్న పంచాయతీ, మండలం, సొంత పార్టీ శాసనసభ్యుడు క్రమంగా మాటలేనివారయ్యారు. గోర్బచెవ్ గ్లాస్‌నోస్త్‌తో నోళ్లన్నీ ఒక్కసారి తెరిపించి, వినిపించిన కోర్కెలను తీర్చే ఆర్థిక శక్తి లేక కూలిపోయారు. హైదరాబాద్‌లో స్వేచ్ఛగా మాట్లాడే పత్రికలు, ప్రతిపక్షం, సభ అన్నీ ఉన్నా, పాలన మాత్రం కంప్యూటరు తెరపైకి వచ్చిన అంకెలనే నమ్మింది. 1997–98 శీతాకాలంలో వరంగల్ జిల్లాలో పురుగు పట్టిన పత్తిపంట మీద అప్పులు తీర్చలేక, కొన్న పురుగుమందునే తాగి ప్రాణాలు తీసుకున్న రైతుల వార్తలు అప్పటికే దేశమంతా చేరాయి. అది బషీర్‌బాగ్ కాల్పులకు రెండేళ్లకు పైగా ముందే మోగిన గంట.

ప్రభుత్వ సంస్థల అమ్మకాల గురించి కూడా ఒక మాట అవసరం. బ్రిటిష్ ప్రభుత్వ సహాయ సంస్థ నిధులతో ఒక ప్రత్యేక సచివాలయాన్ని ఏర్పాటుచేసి రాష్ట్ర సంస్థలనూ సహకార చక్కెర, నూలు మిల్లులనూ మూసివేయడమో అమ్మడమో చేశారు. వాటిలో చాలావరకు నిజంగానే తేరుకోలేని స్థితిలో ఉన్నవి. కానీ 1930లలో బోధన్‌లో వెలసి, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదిగా పేరుపొందిన నిజాం షుగర్స్‌లో 51 శాతం వాటాను 2002లో ప్రైవేటువారికి అప్పగించినప్పుడు, ఫ్యాక్టరీతోపాటు దాని చుట్టూ ఉన్న చెరకు రైతుల పంటల పద్ధతి, కార్మికుల కాలనీలు, ఒక పట్టణపు బతుకు చేతులు మారాయి. 2015లో ఆ ఫ్యాక్టరీ మూతపడింది. 2003లో క్రీడా అకాడమీల కోసమని ఒక ప్రైవేటు సంస్థకు కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాలతో సహా 850 ఎకరాలు ఇవ్వజూపిన ఒప్పందం 2006లో రద్దయి, కోర్టుల్లో ఏళ్లపాటు నలిగింది. భూమిని పెట్టుబడికి ఎరగా వాడే అలవాటు సైబరాబాద్‌తోనే బలపడింది, తర్వాత వచ్చిన ఏ ప్రభుత్వమూ దానిని వదులుకోలేదు.

2001 తర్వాత వరుస కరువులు ముంచుకొచ్చాయి. భూగర్భజలం అడుగంటి, బోరు మీద బోరు వేసి అప్పులపాలైన రైతుల ఆత్మహత్యలు అనంతపురం నుంచి మెదక్ దాకా పెరిగాయి. 2003 ఏప్రిల్ 9న కాంగ్రెస్ శాసనసభాపక్ష నాయకుడు వై.ఎస్. రాజశేఖరరెడ్డి పాదయాత్ర మొదలుపెట్టిన చేవెళ్ల, సైబర్ టవర్స్‌కు నలభై కిలోమీటర్ల లోపు దూరంలోని రంగారెడ్డి జిల్లా ఊరు. ఆ దూరంలోనే హైటెక్ సిటీ తాకిడి లేని మెట్ట పొలాలు మొదలవుతాయి. రెండు నెలల పాటు, సుమారు 1,470 కిలోమీటర్లు నడిచి ఆయన ఇచ్ఛాపురం చేరేలోగా ఉచిత విద్యుత్తు అన్న హామీ రాష్ట్రమంతా తెలిసిపోయింది. అక్టోబరు 1న అలిపిరి వద్ద పీపుల్స్‌వార్ నక్సలైట్లు పేల్చిన మందుపాతర నుంచి చంద్రబాబు గాయాలతో బయటపడ్డారు. ఆ సానుభూతిని నమ్ముకుని నవంబరులో శాసనసభను గడువుకు ముందే రద్దు చేయించారు. 2004 ఏప్రిల్‌లో జరిగిన ఎన్నికల్లో తెలుగుదేశం 47 స్థానాలకు పడిపోయింది. కాంగ్రెస్‌కు 185 వచ్చాయి, దానితో పొత్తులో ఉన్న తెరాసకు 26, సీపీఎంకు 9, సీపీఐకి 6 దక్కాయి. విదేశీ పత్రికలు ఈ ఫలితాన్ని నమ్మలేకపోయాయి. 1990లో నోబెల్ శాంతి బహుమతి అందుకున్న గోర్బచెవ్‌కు 1996 రష్యా అధ్యక్ష ఎన్నికల్లో ఒక శాతం ఓట్లైనా రాలేదు. అయితే చంద్రబాబు ఓడింది తాను నడిపిన వ్యవస్థ కూలినందువల్ల కాదు. అది నిలబడి ఉన్నందువల్ల. అందుకే ఆయన మళ్లీ 2014లోనూ 2024లోనూ ముఖ్యమంత్రి కాగలిగారు.

2004 మే 14న ఎల్బీ స్టేడియంలో ప్రమాణస్వీకారం చేసిన రాజశేఖరరెడ్డి అక్కడే ఉచిత విద్యుత్ ఫైలు మీద సంతకం చేసి, పాత బకాయిలను మాఫీ చేశారు. కానీ పాత విద్యుత్ బోర్డును తిరిగి తేలేదు. జెన్‌కో, ట్రాన్స్‌కో, డిస్కంలు, నియంత్రణ మండలి అలాగే కొనసాగాయి. హైటెక్ సిటీ గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడల మీదుగా విస్తరించింది. తెలంగాణ ఏర్పడ్డాక ఐటీ ఎగుమతులు 2013–14లో రూ. 57 వేల కోట్ల నుంచి 2022–23 నాటికి రూ. 2.41 లక్షల కోట్లకు, ఉద్యోగుల సంఖ్య తొమ్మిది లక్షలకు పెరిగాయి. ఆ రాబడిలో నుంచే కొంత, 2018 జనవరి 1 నుంచి తెలంగాణ పొలాలకు ఇరవై నాలుగు గంటల ఉచిత విద్యుత్తుకు సబ్సిడీగా వెళ్తోంది. 1998లో ఈ దారిని ఎవరూ ప్రణాళికగా రాసిపెట్టలేదు. పంపుసెట్లకు మీటర్లు పెట్టాలన్న ప్రతిపాదన మాత్రం 2020 తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో శ్రీకాకుళం జిల్లా ప్రయోగంతో మళ్లీ వచ్చినప్పుడు, రైతు సంఘాలు వెంటనే అడ్డం తిరిగాయి. తెలంగాణ ప్రభుత్వం తమ రాష్ట్రంలో మీటర్లు పెట్టేదే లేదని బహిరంగంగా ప్రకటించింది.